బావ హాట్ డాగ్ మీద ఆవపిండి

ముందే చెప్తున్నాను, నేను ఐదో తరగతితో ఆపేసిన మనిషిని. రాయడం ఇదే మొదలు. ఒత్తులు పడాల్సిన చోట పడకపోవచ్చు, కాస్త సర్దుకుని చదవండి. రాత ఎలా ఉన్నా, చేసిన ఘనకార్యం మాత్రం పెద్దదే. ఒక్క హాట్ డాగ్‌తో నాకు రాబోయే ఉద్యోగం, మా బావ ముక్కు రెండూ ఊడగొట్టబోయాను.

మాది జగ్గయ్యపేట. అప్పట్లో నేను ఒక బజ్జీల బండి దగ్గర పిండి కలిపేవాణ్ణి. ఆ మాత్రానికే ప్రపంచంలో వంటలన్నీ వచ్చేసినట్టు తిరిగేవాణ్ణి. మా అక్క మొగుడు నందిగామ దగ్గర హైవే హోటల్లో వంటవాళ్ల మీద పెద్ద. అక్కడ హాట్ డాగ్ కౌంటర్ పెడుతున్నారు, మనిషి కావాలి. ఆదివారం అక్కని తీసుకుని వస్తానని, ఒకటి చేసి పెడితే తిని చూసి ఓనర్‌కి నా పేరు చెప్తానని బావ ఫోన్ చేశాడు. బన్నులు, చికెన్ సాసేజీలు ముందే పంపాడు.

"పైన వేసేవే ముఖ్యంరా," అన్నాడు. "టమాటా సాసు, పచ్చగా ఉండే మస్టర్డ్ సాసు, ఉల్లిముక్కలు. జనం ఎక్కువ అడిగేది అవే. సాసు సీసాలు కొనుక్కో."

సీసాలు కొనడమా? మస్టర్డ్ అంటే ఆవాలని ఫోన్లో చూసి కనిపెట్టిన మేధావిని నేను. అమ్మ ఆవకాయ కోసం ముందురోజే ఆవపిండి పట్టించింది. గిన్నెడు తీసుకుని చన్నీళ్లు పోసి కలిపాను. రంగు రాలేదని పసుపు వేశాను. అచ్చం ఫోన్లో బొమ్మే.

అమ్మ చూసి, నూనెలో ఊరని పచ్చి ఆవపిండి ఎవరైనా తింటారా, కాస్త నాలిక మీద పెట్టుకుని చూడరా అని మొత్తుకుంది.

"ఇలాంటివి నీకు తెలియవులే అమ్మా," అన్నాను. ఆ మాటన్న నోటిని నేనింకా క్షమించలేదు.

బావ వచ్చి కూర్చున్నాడు. సాసేజీ మీద ఆ ముద్ద పూయలేదండీ, గోడకి సిమెంటు పట్టించినట్టు పట్టించాను. బావ పెద్ద ముక్క కొరికాడు. నమిలాడు. ఆగాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

నా వంటకి మనసు కరిగిందనుకున్నాను. గాడిదకైనా అనుమానం వచ్చేది, నాకు రాలేదు.

"మొహమాటపడకు బావా," అని ఇంకో గరిటె వేశాను.

అత్తగారింట్లో ప్లేటులో వదిలేస్తే బాగోదని ఆ మర్యాదస్తుడు అదీ తిన్నాడు. ఈసారి ఘాటు ముక్కులోంచి తిన్నగా నడినెత్తికి ఎక్కింది. రెండు చేతులతో తల పట్టుకుని పెరట్లోకి పరిగెత్తాడు. వెనకాలే మజ్జిగ చెంబుతో అమ్మ.

అక్క మాత్రం కదల్లేదు. నన్నే చూస్తూ మెల్లగా అడిగింది. "మా ఆయన్ని చంపేసి ఆయన ఉద్యోగానికే ఎసరు పెట్టావేంట్రా?"

అరగంటకి బావ తేరుకుని వచ్చాడు. ఇంక నా పని అయిపోయిందనుకున్నాను.

"బుధవారం వచ్చి చేరు," అన్నాడు బొంగురు గొంతుతో. "కౌంటర్లో కాదు, గోడౌన్లో. సాసు సీసాల పెట్టెలు మోద్దువుగాని. మూతలు మాత్రం తియ్యకు."

ఇప్పటికీ మోస్తూనే ఉన్నాను. నేను రుచి చూడనిది ఇంకొకరి నోట్లో పెట్టనని, నా వంట తిని ఎవరైనా కన్నీళ్లు పెట్టుకుంటే పొంగిపోకుండా ముందు మజ్జిగ ఇస్తానని, గోడౌన్లో పెట్టెల మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను.

అంతటి ఘాటునే మా బావ ఓర్చుకున్నాడు. ఈ రాతలో తప్పుల్ని మీరూ ఓర్చుకుని, పెద్ద మనసుతో మన్నించండి.