నా బిడ్డ తీసుకున్న గది

నా బిడ్డను ఉద్యోగంలోంచి తీసేయమని నేనే వెళ్ళి అడిగాను. మా వాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలుసు. తెలియని వాళ్ళకు ఇప్పుడు నేనే చెబుతున్నాను.

మేం సూరత్‌లో, అమ్రోలిలో ఉంటాం. నలభై ఏళ్ళకు పైగా సాంచాలు నడిపాను. మరమగ్గాన్ని మా కరీంనగర్ వైపు సాంచె అంటారు. ఆ చప్పుడుకు నా కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవి దగ్గరికొచ్చి గట్టిగా మాట్లాడితే కొంత వినబడుతుంది. అట్లా మాట్లాడే ఓపిక నా బిడ్డ ఒక్కదానికే ఉండేది. ఆస్పత్రిలో డాక్టరు చెప్పింది, బ్యాంకులో కిటికీ అవతలి మనిషి గొణిగింది, రేషన్ దుకాణం వాడు తిట్టింది, అన్నీ ఆమె నోటి నుంచే నాకు చేరేవి. చదువు కూడా ఆమే నేర్పింది. మునిసిపాలిటీ తెలుగు బడిలో నేర్చుకున్న అక్షరాలను ఇంటికొచ్చి నా చేత దిద్దించేది. తప్పు రాస్తే స్కేలుతో వేళ్ళ మీద కొట్టేది. యాభై దాటాక నా పేరు నేను రాసుకోగలిగాను.

కొడుకు పెళ్ళి చేసుకుని వేరుపడ్డప్పుడు నాకేమీ అనిపించలేదు. నిజం చెప్పాలంటే, ఇంట్లో కాళ్ళు చాపుకునే జాగా దొరికిందని సంతోషించాను. బిడ్డ సంగతి వేరు.

ఆమెకు కడోదరాలో, బట్టలకు రంగులు వేసే మిల్లులో పని. వచ్చిన గుడ్డముక్కను చూసి అదే రంగు కలిపి చూపించాలి. ఇక్కణ్ణుంచి పోవడానికి రెండు బస్సులు, ఒక ఆటో. ఒకరోజు నేను అన్నం తింటుంటే కంచం పక్కన ఒక కాగితం పెట్టింది. మిల్లు దగ్గర ఇంకో ఇద్దరమ్మాయిలతో కలిసి గది తీసుకుంటోందట. పెళ్ళికాని పిల్లలు కాబట్టి తల్లిదండ్రుల ఒప్పుదల కావాలని ఇంటాయన అడిగాడట.

"బాపు, గీడ సంతకం పెట్టు."

"పెట్ట."

"ఎందుకు?"

"నా ఇష్టం."

కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. అరిచి ఉంటే నాకు ధైర్యం వచ్చేది.

ఆ వారమంతా అదే ఆలోచన. ఆమె పోతే నేను నాలుగు గోడల మధ్య మూగవాడిలా పడి ఉంటాననిపించింది. దీన్ని ప్రేమ అని చెప్పుకోవచ్చు, వినేవాళ్ళు కూడా అట్లాగే అనుకుంటారు. అందులో సగానికి పైగా భయం. నా చెవి నన్ను విడిచి పోతోందన్న భయం.

మా కార్ఖానాలలో ఒక పద్ధతి ఉండేది. పని కావాలంటే చుట్టమొకరు శేఠ్ దగ్గరికి తీసుకుపోయి "మావాడే, నాది జిమ్మేదారీ" అని పూచీ పడాలి. మానేయాలన్నా ఆ చుట్టం చెబితే చాలు. నా తమ్ముడికి తాగుడు ఎక్కువైనప్పుడు నేను శేఠ్‌తో "రేపటి నుంచి వీడు రాడు" అన్నాను. తమ్ముణ్ణి ఎవరూ అడగలేదు, సాయంత్రానికి వాడి సాంచె మీద ఇంకొకడు నిలబడ్డాడు. మిల్లులో కూడా తండ్రి మాట అట్లాగే చెల్లుతుందనుకున్నాను. ఉతికిన చొక్కా వేసుకుని, ఎవరికీ చెప్పకుండా కడోదరా వెళ్ళాను.

మేనేజరు నా కొడుకు వయసువాడు. కుర్చీ చూపించి చాయ్ తెప్పించాడు. నేను నాకొచ్చిన హిందీలో, మా అమ్మాయిని పనిలోంచి తీసేయండి సాబ్, ఇంట్లో అవసరముంది అన్నాను.

"మానేస్తానని ఆమె చెప్పిందా చాచా?"

"ఆమె చెప్పేదేముంది సాబ్? తండ్రిని, నేను చెబుతున్నాను కదా."

"ఆమె వయసెంత?"

"ఇరవై మూడు."

"మరి ఆమే చెప్పాలి."

నాకు వినబడదని ప్రతి మాటా అరిచి చెప్పాడు పాపం. తలుపు తీసే ఉంది. బయట కాగితాలు పట్టుకుని తిరిగే వాళ్ళంతా ఆగి చూశారు. ఎవరో వెళ్ళి ఆమెను పిలుచుకొచ్చారు. మణికట్టు దాకా నీలం రంగుతో వచ్చి గుమ్మంలో నిలబడింది. నన్ను చూడగానే విషయమంతా అర్థమైపోయింది.

సాంచాల మధ్య మాట వినబడదు కాబట్టి మేం చేతులతో మాట్లాడుకుంటాం. నూలు తెగిందనడానికొకటి, బాబిన్ అయిపోయిందనడానికొకటి. చిన్నప్పుడు నాకు అన్నం డబ్బా తెచ్చిస్తూ అవన్నీ నేర్చుకుంది. ఆ రోజు మేనేజరు ముందు ఎడమ అరచేతి మీద కుడి పిడికిలితో ఒక్కటి కొట్టింది. సాంచె ఆపు అని దానికి అర్థం. నేను లేచి బయటికొచ్చాను. చాయ్ అట్లాగే ఉండిపోయింది.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే నా ఎడమ పక్కన కూర్చుంది.

"బాపు, నువ్వు పదిహేనేండ్లకే సూరత్ రైలు ఎక్కినవు. తాతను అడిగినవా?"

"నేను మొగోన్ని."

"గందుకే రెండు బస్సులు, ఒక ఆటో నేను ఎక్కుతున్న, నువ్వు ఇంట్ల కూసుంటున్నవు."

మా ఆవిడ గడప దగ్గర కూర్చుని కూలికి తెచ్చిన చీరల దారాలు కత్తిరిస్తోంది. చీర పక్కకు పెట్టి, దగ్గరికొచ్చి నాకూ వినబడేలా అరిచింది.

"ఈ ముసలోనికి చెవులు పోయినయి గని నోరు మస్తుగ పనిజేస్తది. బిడ్డా, గా కాగితం ఇటు తే. నా వేలిముద్ర నడుస్తదా?"

"అమ్మదైనా సరే అన్నడు ఇంటాయన. ఒక్కలది చాలంట."

"మరి ముందే చెప్పొద్దా? జర గా సిరా డబ్బీ అందుకో."

"బాపు పెడితే బాగుండనుకున్న" అంది నా బిడ్డ. ఈ మాట నా చెవిలో చెప్పలేదు, పెదాలు చూసి తెలుసుకున్నాను. అప్పుడైనా "ఇటు తే, నేను పెడతా" అనాల్సింది. ఆలోపే మా ఆవిడ బొటనవేలు కాగితం మీద పడింది, పని అయిపోయింది.

ఆదివారం పొద్దున ఆటోలో ఒక పరుపు, చిన్న స్టవ్, రెండు సంచులు పెట్టుకుని వెళ్ళింది. నేను స్నానాల గదిలోకి వెళ్ళి నల్లా తిప్పి కూర్చున్నాను. ఆమె తలుపు కొట్టిందని తర్వాత మా ఆవిడ చెప్పింది. రెండుసార్లు కొట్టిందట. నాకు వినబడదని ఆమెకు తెలియదా? అయినా కొట్టింది.

వెళ్ళి నాలుగు నెలలైంది. నా మీద కోపం లేదంటుంది. నా ఫోన్‌కు తెలుగులో "తిన్నవా" అని రాసి పంపుతుంది. నేను మూడు వరుసలు రాస్తాను. మిల్లు సంగతి, నల్లా సంగతి, తప్పయింది అన్న సంగతి. చదివి చూసుకుని, అన్నీ తుడిచేసి, "తిన్న" అని పంపుతాను.

రోజూ వాళ్ళమ్మకు ఫోన్ చేస్తుంది. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకుంటారు. మా ఆవిడ నవ్వుతుంది, కళ్ళు పెద్దవి చేస్తుంది, ఒక్కోసారి కొంగుతో ముక్కు తుడుచుకుంటుంది. ఎదురుగా కూర్చుని ఆ మొహమే చూస్తూ ఉంటాను. ఫోన్ పెట్టేశాక అడుగుతాను.

"ఏమన్నది?"

"మంచిగనే ఉన్నదంట."

"ఇంకేమన్నది?"

"గంతే."