చెల్లెలిచ్చిన నెత్తురు

ఆ వీధిలో తలుపు బిగుసుకుపోయినా, కుర్చీ కాలు ఊగినా అందరికీ గుర్తొచ్చేది పెద్ద వడ్రంగే. మనిషి తాటిచెట్టంత పొడుగని ఆ పేరు పెట్టారు గానీ, వయసు యాభై దాటలేదు. చేతిలో చిత్రిక ఉంటే అతనికి ఆకలి కూడా గుర్తుండేది కాదు.

అలాంటి మనిషి ఒక వేసవిలో నాలుగు మెట్లెక్కలేక మధ్యలోనే కూలబడ్డాడు. పరీక్షల్లో రక్త క్యాన్సర్ అని తేలింది. మందులతో జబ్బు అణిగింది కానీ, తిరగబెట్టకుండా ఉండాలంటే నెత్తురు తయారుచేసే మూలకణాలు వేరేవాళ్లవి ఎక్కించాలని డాక్టరమ్మ చెప్పింది. తోబుట్టువులను పరీక్ష చేస్తే చెల్లెలివి అచ్చంగా సరిపోయాయి.

చెల్లెలు సిటీ బస్సు నడుపుతుంది. ఆమె గొంతు ముందు బస్సు హారన్ దిగదుడుపే.

"మూలకణాలు పెరగడానికిచ్చే ఇంజెక్షన్లకి ఎముకలు నొప్పి పుడతాయట. బాగా ఆలోచించుకో" అన్నాడు అన్న.

"చిన్నప్పుడు జడ పట్టుకుని లాగేముందు ఆలోచించుకోమన్నావా? ఇప్పుడేంటి ఈ కొత్త మర్యాద!"

ఇంజెక్షన్లు తీసుకున్నన్నాళ్లూ ఆమె నడుము పట్టుకునే తిరిగింది. "ఒళ్లంతా విరిచేసినట్టుంది వదినా. అన్నయ్యతో అనకు" అని వడ్రంగి భార్యకు మాత్రం చెప్పింది. ఆ తర్వాత ఒక పూటంతా మంచం మీద కదలకుండా పడుకుంటే, యంత్రం ఆమె నెత్తురులోంచి మూలకణాలను వేరుచేసింది. అవి చిన్న సంచిలో, చిక్కటి టమాటా రసం రంగులో, అన్న గదికి వచ్చాయి.

అప్పటికే ఘాటైన మందులతో అతని ఎముకల్లోని పాత మూలుగను ఖాళీ చేసేశారు. సంచి కాసేపట్లోనే అయిపోయింది.

"ఇంతేనా?" అన్నాడు నీరసంగా.

"ఇంతే. ఇక ఎక్కడికెళ్లాలో వాటికే తెలుసు" అంది నర్సు.

తర్వాతి రోజులు నరకమే. నోరంతా పుళ్లు, మంచినీళ్లు మింగినా మంట. ఒక ఉదయం డాక్టరమ్మ కాగితం ఊపుకుంటూ వచ్చి, చెల్లెలి కణాలు నాటుకున్నాయని, కొత్త తెల్ల రక్తకణాలు కనబడుతున్నాయని అంది. భార్య గోడవైపు తిరిగి, అన్నాళ్లూ ఆపుకున్న ఏడుపంతా ఏడ్చేసింది.

ఇంటికొస్తే అయిపోయినట్టే అనుకున్నాడు వడ్రంగి.

"ఒంటికి కొత్త కాపలావాళ్లు వచ్చారు గానీ, దొంగెవరో చుట్టమెవరో వాళ్లకింకా తెలీదండీ" అంది డాక్టరమ్మ. "నేర్చుకోడానికి ఏడాది, ఇంకా పైనే పట్టొచ్చు. అందాకా జనంలోకి వెళ్లకండి, మట్టి ముట్టుకోకండి. రంపపు పొట్టులో బూజు ఉంటుంది, దాని జోలికసలే పోవద్దు."

కార్ఖానాకు తాళం పడింది. మూతికి మాస్కు, తిండికి ఉడికినవి. కిటికీ అద్దంలోంచి వీధిని చూస్తూ కూర్చునేవాడు. ఇంతలో అరచేతులు ఎర్రబడి, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. చెల్లెలి కణాలు అతని ఒంటిని పరాయిదనుకుని తగవు పెట్టుకున్నాయట.

భార్య నవ్వాపుకోలేకపోయింది. "ఆడపడుచు పెత్తనం నాకొక్కదానికే అనుకున్నా. మీకూ మొదలైందా!"

ఆ తగవును మందులతో అణిచారు. అణిచేసరికి కాపలా కూడా పలచబడి, ఛాతీలో నెమ్ము చేరింది. మళ్లీ ఆస్పత్రి, మళ్లీ ఆక్సిజన్. నెమ్ము కరిగి ఇంటికి చేరాక కూడా వడ్రంగి నీరుగారిపోయే ఉన్నాడు.

"ఇంకెన్నాళ్లే ఈ అద్దాల బతుకు? నీ కష్టమంతా వృథా అయ్యేట్టుంది" అన్నాడు, గుమ్మం దగ్గరే ఆగిన చెల్లెలితో.

మాస్కులోంచి కూడా ఆమె గొంతు ఇల్లంతా వినబడింది. "నావి మొండి కణాలు అన్నయ్యా. బండి మొరాయించిందని మనిషిని నడిదారిలో దించేసే రకం కాదు. నువ్వు సీట్లో కూర్చో, చాలు."

అతను కూర్చున్నాడు. మందులు తగ్గాయి, దద్దుర్లు మాయమయ్యాయి. నెత్తురు గ్రూపు కూడా చెల్లెలిదే అయింది. అయితే చిన్నప్పటి టీకాల రక్షణ మాత్రం పాత మూలుగతో చాలావరకు తుడిచిపెట్టుకుపోయిందని, అన్నీ మొదటినుంచి వేయించుకోవాలని చెప్పారు. అలా చంటిపిల్లల వరసలో బెంచీ మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చోవాల్సి వచ్చింది.

"మీ పాప ఏదండీ?" అని అడిగింది పక్కనున్న తల్లి.

"నేనేనమ్మా పాపని" అన్నాడు. ఆమె తెల్లబోయింది. సంగతంతా విన్నాక, తన చేతిలోని బిడ్డ చెయ్యి పట్టి అతనికి టాటా చెప్పించింది. సూది పడ్డప్పుడు బిడ్డ ఏడ్చింది, వడ్రంగి ఏడవలేదు. ఆ సంగతి ఇంటికొచ్చి గొప్పగా చెప్పుకున్నాడు.

రెండేళ్లు దాటాక తట్టు టీకా కూడా వేసి, మాస్కు పెట్టుకుని పని చేసుకోవచ్చని డాక్టరమ్మ అనుమతిచ్చింది. తాళం తీసిన రోజు అతను పనేమీ చేయలేదు. చెక్కలను ఒక్కొక్కటే నిమురుతూ సాయంత్రం దాకా నిలబడ్డాడు.

ఆ చలికాలంలోనే అతనికి జలుబు చేసింది. ముక్కు కారింది, తుమ్ములు పట్టుకున్నాయి, గొంతు బొంగురుపోయింది. భార్యకు పై ప్రాణాలు పైనే పోయాయి. డాక్టరమ్మ చూసి, మందేమీ అక్కర్లేదని, జ్వరమొస్తే మాత్రం రమ్మని అంది. జ్వరం రాలేదు. ఆ వారంలోనే జలుబు తనంతట తనే సర్దుకుంది.

భార్య వెంటనే ఆడపడుచుకు ఫోన్ చేసింది. చెల్లెలు డిపోలో టీ తాగుతోంది.

"మీ అన్నయ్యకి జలుబు చేసి, దానంతటదే తగ్గిపోయింది! నీ కణాలే కాపలా కాశాయి!"

"మా అన్నయ్యకి జలుబు తగ్గిందోచ్!" అని చెల్లెలు వేసిన కేకకు డిపోలో డ్రైవర్లందరూ తిరిగి చూశారు. జలుబుకు ఇంత సంబరమేమిటో వాళ్లకు అంతుబట్టలేదు.

వడ్రంగి ఫోన్ అందుకున్నాడు. ఎన్నో చెప్పాలనుకున్నాడు.

"ఏమనాలో తెలీట్లేదే" అన్నాడు చివరికి.

"అయితే ఏమీ అనకు. ఇంకోసారి తుమ్ము, వింటాను" అంది చెల్లెలు.