మీ ప్రశ్నే తప్పు

నేను డిగ్రీ చదివే రోజుల్లో కాజీపేట రైల్వే కాలనీలో నాకొక చెడ్డపేరు ఉండేది. ఏం అడిగినా జవాబు చెప్పదు, అడిగినదాన్నే తప్పు పడుతుంది అని. చెడ్డపేరని ఇప్పుడంటున్నాను గానీ, అప్పుడు దాన్ని తలచుకుని తెగ మురిసిపోయేదాన్ని.

ఆ పేరు తెచ్చిపెట్టింది కాలనీ రీడింగ్ రూమ్. అక్కడ పేపర్లు చదివే బల్ల పక్కన గోడకు ఒక నల్లబోర్డు, దాని కింద పాత సిగ్నల్ దీపం డబ్బా ఉండేవి. ఎవరికి ఏ సందేహం వచ్చినా చీటీ మీద రాసి, పేరు పెట్టకుండా డబ్బాలో వేసేవాళ్లు. రీడింగ్ రూమ్ చూసుకునే తాత దాన్ని సుద్దముక్కతో బోర్డు మీదికి ఎక్కించేవాడు. జవాబులూ అంతే, డబ్బాలోకి, అక్కణ్నుంచి బోర్డు మీదికి. అంతా తాత చేతిరాతే కాబట్టి ఎవరేం అడిగారో తెలిసేది కాదు. చర్చిలో ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి మొహమాటపడేవాళ్లు కూడా ఈ డబ్బా దగ్గరికి మాత్రం ధైర్యంగా వచ్చేవాళ్లు. శనివారం సాయంత్రం తాత బోర్డు తుడిచేవాడు. అంతకుముందు ఎంత బతిమాలినా తుడిచేవాడు కాదు.

నా జవాబులు ఎవరివో మాత్రం అందరూ ఇట్టే పట్టేసేవాళ్లు. 'మా వాడికి లెక్కలు రావట్లేదు, ట్యూషన్ ఎక్కడ మంచిది?' అని ఒకరు అడిగితే, 'లెక్కలు రానిది మీ వాడికా, చెప్పేవాళ్లకా? ముందు అది తేల్చండి' అని రాశాను. 'కోడలు అత్త మాట వినాలంటే ఏం చేయాలి?' అంటే, 'ఆ మాటేదో ఇక్కడ రాయండి, వినదగ్గదో కాదో చూద్దాం' అన్నాను. ఆ వారమంతా కాలనీలో కోడళ్లు నన్ను చూసి నవ్వారు, అత్తలు మొహం తిప్పుకున్నారు.

అదే సమయంలో మా ఇంట్లో ఒక ప్రశ్న నలుగుతోంది. బాపు, అంటే మా నాన్న, బొగ్గు ఇంజన్ డ్రైవర్. ఆ ఇంజన్లు ఒక్కొక్కటే మూలపడి, డీజిల్ ఇంజన్లు వస్తున్నాయి. షెడ్డులో డీజిల్ క్లాసు పెడుతున్నారు. పేరు ఇవ్వడానికి శనివారమే ఆఖరు రోజు. ఇవ్వనివాళ్లకు ఇక రిటైరయ్యేదాకా యార్డులో షంటింగే. బాపు పేరివ్వలేదు.

"డోర్నకల్ దాకా బండి తోలినోడివి, రేపటి సంది యార్డుల డబ్బాలు అటిటు నూకుకుంట ఉంటవా?" అని అమ్మ ఏడ్చినంత పని చేసింది. "డీజిల్ అంటె అంత భయమెందుకు బాపు?" అని నేనూ రోజూ సతాయించాను. బాపు బూట్లు తుడుచుకుంటూ, "జర ఊకుండు బిడ్డా," అనేవాడు.

ఆ సోమవారం బోర్డు మీద కొత్త ప్రశ్న కనిపించింది. 'చేతికింద పనిచేసినవాని దగ్గర పెద్దమనిషి కూర్చుని పాఠం నేర్చుకుంటే ఇజ్జత్ పోదా?'

నాకు పండగే పండగ. వెంటనే రాసి డబ్బాలో వేశాను: 'పోతుందా అని అడుగుతున్నారంటే, ముందు ఉందనే కదా మీ లెక్క. దాన్ని ఎవరైనా చూశారా?'

మర్నాడు సాయంత్రం బోర్డు ముందు నవ్వులే నవ్వులు. డ్యూటీ దిగి బాపు కూడా వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని బోర్డు చదివాడు. రోజూ చదివే పేపర్ ముట్టకుండానే వెళ్లిపోయాడు. నేను పెద్దగా పట్టించుకోలేదు.

ఇంటికి వెళ్లి ఆ ప్రశ్న, నా జవాబు అమ్మకు గొప్పగా చెప్పాను. బియ్యంలో రాళ్లు ఏరుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది.

"ఆ క్లాసు చెప్పేటోడు ఎవరనుకున్నవే? మీ బాపు దగ్గర ఫైర్‌మన్‌గ చేసినోడే. బొగ్గేస్తున్నవా, అచ్చింతలు సల్లుతున్నవా అని మీ బాపే వాన్ని అందరి ముందల తిట్టి, ఒకపారి డోర్నకల్ల ఇంజన్ మీదికెల్లి దింపేసిండు. ఇప్పుడు పోయి వాని ముందల ఎట్ల కూసుంటడు?"

చెంప మీద కొట్టినట్టయింది. బాపుకు డీజిల్ అంటే భయమని అనుకున్నది మేము. ఆయన ఆ మాట ఏనాడూ అనలేదు. ఊరందరి ప్రశ్నల్లో తప్పులు వెతికేదాన్ని, మా ఇంట్లో నేనే అడుగుతున్న ప్రశ్న తప్పని నాకు తట్టలేదు. సిగ్గుతో ఆ పూట అన్నం సయించలేదు.

పొద్దున్నే పరుగెత్తి, నా జవాబు తుడిచేయమని తాత కాళ్లా వేళ్లా పడ్డాను. "శనివారం," అన్నాడు తాత. అంటూనే కొత్త చీటీ ఒకటి బోర్డుకు ఎక్కించాడు. 'తిట్టి పని నేర్పిన పెద్దాయన నా క్లాసుకు వస్తలేడు. నా మీద కోపమా? వస్తే ఏమని పిలవాలె?'

రెండుసార్లు చదివాను. ఎవరు రాశారో చెప్పే పనిలేదు. ఆ రోజు కాలేజీ బస్సు పోతే పోయిందని అక్కడే కూర్చుని జవాబు రాశాను. 'కోపమని మీకెవరు చెప్పారు? అది సిగ్గు. ఇంటికి వెళ్లి, ఎప్పటిలాగే పిలవండి.' రాశాక డబ్బాలో వెయ్యకుండా నేరుగా తాత చేతిలో పెట్టాను.

గురువారం సాయంత్రం మా గడప ముందు ఇస్త్రీ చొక్కా వేసుకున్న మనిషి వచ్చి నిలబడ్డాడు. చేతిలో క్లాసు లిస్టు ఉంది.

"ఉస్తాద్," అన్నాడు.

బాపు కుర్చీలోంచి లేవలేదు. ఆ ఇస్త్రీ చొక్కాను కిందికీ మీదికీ చూసి, "ఇప్పుడేం సల్లుతున్నవ్‌రా?" అన్నాడు.

"సుద్దపొడి సల్లుతున్న ఉస్తాద్. నువ్వు ముందల కూసుంటెనే నాకు పాఠం వస్తది. నీ తిట్లు లేకుంట నాకు ఏ పనీ రాలె."

బాపు నవ్వు ఆపుకోలేకపోయాడు. అమ్మ చాయ్ పెట్టేలోపు లిస్టులో సంతకం పడింది. శనివారం తాత బోర్డు తుడుస్తుంటే దగ్గరుండి చూశాను.

మొదటి క్లాసు నుంచి బాపు ఉత్సాహంగా వచ్చాడు. "డీజిల్ ఇంజన్ల ఫైర్‌మన్ యాడ నిలబడాలె అని అడిగిన. నీ ప్రశ్నే తప్పు ఉస్తాద్, బొగ్గే లేనప్పుడు ఫైర్‌మన్ ఏంది అన్నడు. క్లాసు క్లాసంతా నవ్విండ్రు," అని తనే పడీ పడీ నవ్వాడు.

ఆ నవ్వు చూసి ధైర్యం తెచ్చుకున్నాను. "ఆ ఇజ్జత్ జవాబు రాసింది నేనే బాపు," అన్నాను.

"తెల్వదా? అంత తిక్క జవాబు కాలనీల ఇంకెవరు రాస్తరు? నువ్వు చూస్తవనే ఆ చీటీ ఏసిన."

"ఇంట్లనే అడగొచ్చు కదా."

బాపు బూట్ల తాళ్లు విప్పుతూ, "ఇంట్ల మీరందరు డీజిల్ గురించే అడిగిండ్రు బిడ్డా. నా గురించి ఎవరడిగిండ్రు?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది.

ఆయన పక్కన నేల మీద కూర్చుని, "ఇయ్యాల క్లాసుల నీకెట్లనిపించింది బాపు?" అని అడిగాను.

అమ్మ వడ్డించిన అన్నం చల్లారిపోయేదాకా చెబుతూనే ఉన్నాడు.