ఒకే ఉయ్యాలలో మూడు పూటలు

పోయిన సంవత్సరం ఆగస్టు నాలుగో తేదీ, సోమవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు, పామర్‌స్టన్ నార్త్‌లో మా అమ్మాయి ఇంటి ముందుగదిలో, నా ఇద్దరు మనవరాళ్ళను ఒకే ఉయ్యాలలో పడుకోబెట్టాను. అప్పటికి వాళ్ళకు ఇరవై రెండో రోజు. అలా పడుకోబెట్టవద్దని నాకు ముందే చెప్పారు. మరిచిపోయి చేసిన పని కాదు, తెలిసే చేశాను.

కవలలు. పెద్దది పుట్టినప్పుడు రెండు కిలోల రెండు వందల అరవై గ్రాములు, చిన్నది కిలో ఎనిమిది వందల డెబ్బై. ఇద్దరికీ మధ్య ఏడు నిమిషాలు, మూడు వందల తొంభై గ్రాములు తేడా. మిగతాదంతా ఒకటే పోలిక. ఆస్పత్రిలో కాలికి కట్టిన పట్టీలు తీసేశాక ఎవరు ఎవరో వాళ్ళ నాన్నకే తెలిసేది కాదు. పెద్దదానికి కుడి బుగ్గ మీద, చిన్నదానికి ఎడమ బుగ్గ మీద ఆముదంతో పట్టిన కాటుకతో చుక్క పెట్టేదాన్ని. దిష్టికి దిష్టి, గుర్తుకు గుర్తు.

నేను పాతికేళ్ళు చక్కెర ఫ్యాక్టరీ లాబులో పనిచేశాను. గంటకొకసారి చెరకు రసం రీడింగు తీసి పుస్తకంలో రాయడం నా పని. రిటైరై పదమూడేళ్ళయినా ఆ అలవాటు పోలేదు. పిల్లలు ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన జూలై ఇరవై మూడు నుంచే ఒక నోటుబుక్కు పెట్టాను. ఎడమ పేజీ పెద్దదానికి, కుడి పేజీ చిన్నదానికి. పాలు ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్నిసార్లు బట్ట మార్చాం, ఎప్పుడు పడుకుంది, ఎప్పుడు లేచింది. నాలుగు గడులు.

ఇంటికి వచ్చిన మర్నాడే మిడ్‌వైఫ్ వచ్చింది. అక్కడ కాన్పయ్యాక ఆరు వారాల దాకా ఆమే ఇంటికి వచ్చి తల్లినీ పిల్లలనూ చూసి వెళుతుంది. యాభై ఏళ్ళుంటాయి. గుమ్మం దగ్గర బూట్లు విప్పి, మేజోళ్ళతో గదులన్నీ తిరిగింది. కిటికీ అద్దాలకు చలికి పట్టిన చెమ్మను వేలితో తుడిచి చూసింది. నన్ను "నానా" అని పిలిచింది. ఆ దేశంలో అమ్మమ్మనైనా నానమ్మనైనా అలాగే పిలుస్తారట. నాకేమో మా నాన్నను పిలుస్తున్నట్టుండేది.

ఆమె ఇంగ్లీషులో సగం నాకు అర్థమయ్యేది, మిగతా సగం అమ్మాయి చెప్పేది. చెప్పిన పద్ధతి చిన్నదే. ఎవరి పక్క వాళ్ళది. పరుపు గట్టిగా, సమంగా ఉండాలి. వెల్లకిలా పడుకోబెట్టాలి. ముఖం మీదికి, ముఖం పక్కకి ఏమీ రాకూడదు. దిండు వద్దు, బొమ్మ వద్దు, వదులుగా ఉన్న దుప్పటి వద్దు.

తల గుండ్రంగా రావాలని నేను రెండు ఆవాల దిండ్లు కుట్టి పెట్టాను. ఒకటి చేత్తో ఎత్తి చూసి, లోపల ఏముందని అడిగింది.

"ఆవాలు. మస్టర్డ్," అంది అమ్మాయి.

"సాండ్‌విచ్‌లోకి చాలా బాగుంటుంది నానా. తల కిందికి మాత్రం వద్దు."

అమ్మాయి కుట్లు నొప్పెట్టేలా నవ్వింది. నేను నవ్వలేదు. మా ఇంట్లో నలుగురు పిల్లలు ఆవాల దిండు మీద పెరిగారు. అయినా దిండ్లు విప్పి ఆవాలు డబ్బాలో పోశాను.

ఆ తరువాత పదకొండు రోజులు ఆమె చెప్పినట్టే నడిచింది. చుట్టూ ఊచలున్న రెండు చిన్న మంచాలు, రెండింట్లో రెండు పరుపులు, పరుపు మీద బిగుతుగా ఒక గుడ్డ. అమ్మాయికి కాన్పు ఆపరేషన్‌తో అయింది. రాత్రంతా ఇద్దరికీ పాలు పట్టి తెల్లవారేసరికి కూర్చున్నచోటే తూలిపోయేది. అందుకని పది నుంచి రెండు దాకా పిల్లలు నా బాధ్యత అని ఏర్పాటు చేసుకున్నాం. పిండి ఉంచిన పాలు నేను సీసాతో పట్టేదాన్ని. అమ్మాయి వెనక గదిలోకి వెళ్ళి తలుపు మూసుకుని పడుకునేది.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, విడివిడిగా పిల్లలు నిద్రపోయేవాళ్ళు కారు. ముప్పై అయిదు నిమిషాలు, నలభై. ఎంత మంచి రోజైనా నలభై ఎనిమిది. ఒకతి లేచి ఏడిస్తే రెండోది లేచేది. ఒకతిని భుజాన వేసుకుని ఇంకొకతి మంచం దగ్గర అటూ ఇటూ తిరిగేదాన్ని. ఏడుపు వినపడి అమ్మాయి తలుపు తీసేది. ఆ పదకొండు రోజుల్లో అది రెండు గంటలు ఏకబిగిన పడుకున్నది మూడు రోజులే.

ఆగస్టు మూడు, ఆదివారం, ఇరవై ఒకటో రోజు. బారసాల చేశాం. ఉయ్యాల ఇంకో తెలుగు వాళ్ళింటి నుంచి వచ్చింది. ఇనుప చట్రానికి నూలుగుడ్డ వేలాడే మడత ఉయ్యాల. ఆ ఊళ్ళో పుట్టిన తెలుగు పిల్లలందరికీ అదే ఉయ్యాల, ఇల్లిల్లూ తిరుగుతుంది. పద్నాలుగుమంది వచ్చారు. కవలలను మొదటిసారి విడిగా వేయకూడదని వచ్చిన ఆడవాళ్ళంతా అంటే ఇద్దరినీ కలిపి వేశాం. అంత గోలలో, అన్ని ఫోటోల మధ్య, ఇద్దరూ నిద్రపోయారు. గంటా ఇరవై నిమిషాలు. నేను గడియారం చూశాను.

చూడకపోతే బాగుండేది.

మర్నాడు అల్లుడు ఆఫీసుకు వెళుతూ ఉయ్యాల మడవబోయాడు.

"సాయంత్రం దాకా ఉండనివ్వండి బాబూ," అన్నాను.

"ఎందుకండీ అత్తయ్యా? ఆంటీకి ఇచ్చేస్తానని చెప్పాను."

"గుడ్డ ఉతికి ఇద్దాం. అలాగే ఇస్తే ఏం బాగుంటుంది?"

ఆ రోజు గుడ్డ ఉతకలేదు. పదీ ఇరవైకి ఇద్దరినీ అందులో పక్కపక్కన వెల్లకిలా వేశాను. గంటా నలభై నిమిషాలు పడుకున్నారు. మంగళవారమూ గుడ్డ సాకే చెప్పి ఉయ్యాల ఉంచుకున్నాను, గంటా యాభై అయిదు. రెండింటికి అమ్మాయి లేచేలోపు ఎవరి మంచంలో వాళ్ళను పెట్టేదాన్ని. పుస్తకంలో పడుకున్న సమయం, లేచిన సమయం ఉన్నవున్నట్టు రాశాను. అబద్ధపు అంకె ఒక్కటీ లేదు. ఎక్కడ పడుకున్నారు అన్న గడి మాత్రం గీయలేదు.

బుధవారం ఆరో తేదీ. తొమ్మిదిన్నరకు ఒళ్ళు రుద్ది స్నానం చేయించి, తెల్ల జుబ్బాలు తొడిగి, కొత్తగా చుక్కలు పెట్టాను. పదీ ఇరవైకి ఉయ్యాలలో వేశాను. మూడడుగుల దూరంలో కుర్చీ వేసుకుని ఉతికిన జుబ్బాలు మడతపెట్టాను. పన్నెండు జుబ్బాలు. మధ్యలో రెండుసార్లు లేచి చూశాను, రెండుసార్లూ రెండు ముఖాలూ కనిపించాయి. తరువాత ఎంతకూ చప్పుడు లేకపోతే నిద్ర బాగా పట్టిందనుకుని సంతోషించాను.

పదకొండూ ముప్పైకి మూడోసారి వంగాను. ఒక్క ముఖమే ఉంది.

గుడ్డ మధ్యకు కుంగింది. తరువాత టేపు పెట్టి కొలిచాను, ఇద్దరి బరువుకూ ఆరంగుళాలు కుంగుతుంది. బరువు తక్కువది జారి పెద్దదాని వైపు ఒరిగి, అక్క భుజానికీ గుడ్డకీ మధ్య ముఖం దాచుకున్నట్టు ఉంది. తీశాను. మెడ వాలిపోయింది. పెదవుల రంగు నేను రోజూ చూసే రంగు కాదు. అరికాలు రుద్దాను. ఇంకోసారి గట్టిగా రుద్దాను. ముక్కు ఎగబీల్చి ఊపిరి తీసుకుంది, ఆ తరువాత ఏడ్చింది. అమ్మాయి తలుపు తెరుచుకోలేదు.

చిన్నదాన్ని గుండెకు ఆనించుకుని గదిలో తిరిగాను. నిమిషానికి ఎన్ని ఊపిర్లో లెక్కపెట్టడానికి ప్రయత్నించి మూడుసార్లు లెక్క తప్పాను. నాలుగోసారి నలభై నాలుగు. రంగు తిరిగి వచ్చింది. అప్పుడే లేపాల్సింది అమ్మాయిని. అంబులెన్సు నంబరు ఫ్రిజ్ మీద అంటించి ఉంది. చెయ్యలేదు. ఎవరి మంచంలో వాళ్ళను వేశాను. కూర్చున్నాను, లేచాను, పొట్ట కదులుతోందా లేదా అని చూశాను, మళ్ళీ కూర్చున్నాను. అప్పుడు కనిపించింది. పెద్దదాని జుబ్బా భుజం మీద నల్లటి గుండ్రటి మచ్చ. చిన్నదాని బుగ్గ మీది చుక్క సగానికి సగం అక్కడ అచ్చుపడింది. అంచు చెదరకుండా అచ్చుపడిందంటే, అది అటూ ఇటూ కదలలేదన్నమాట.

పెద్దదానికి వేరే జుబ్బా తొడిగాను. చిన్నదాని బుగ్గ తుడిచి కొత్త చుక్క పెట్టాను. మచ్చపడిన జుబ్బా స్వెట్టరు జేబులో పెట్టుకున్నాను.

రెండింటికి అమ్మాయి ఒళ్ళు విరుచుకుంటూ వచ్చింది.

"అబ్బ, మూడు రోజులనుంచి ఏం నిద్రమ్మా! నువ్వు రాకపోతే నేను ఏమైపోయేదాన్నో. ఏంటే, అలా ఉన్నావ్? భోంచేశావా?"

"చేశాను," అన్నాను. చేయలేదు.

మూడింటికి మిడ్‌వైఫ్ వచ్చింది. బరువులు చూసింది. చిన్నది రెండు కిలోల రెండు వందల పది. చాలా సంతోషించి నా నోటుబుక్కు అడిగింది. వేలితో గడుల వెంట కిందికి వస్తూ సోమవారం దగ్గర ఆగింది.

"నలభై, ముప్పై ఎనిమిది, నలభై... తరువాత వంద, నూట పదిహేను! నానా, సోమవారం ఏం మార్చారు? రెండు వీధుల అవతల ఇంకో అమ్మాయికి కవలలు పుట్టారు. నిద్రలేక ఏడుస్తోంది పాపం. మీ రహస్యం ఏంటో ఆమెకు చెబుతాను."

"మా అమ్మ చెయ్యి అలాంటిది," అంది అమ్మాయి. "పట్టుకుంటే చాలు, పడుకుంటారు."

నేను దాచుకున్న మూడున్నర గంటల్లో ఎన్ని అనుకున్నానో! రాత్రికి చెబుదాం, అల్లుడు లేనప్పుడు చెబుదాం, పిల్ల బాగానే ఉంది కదా, అసలు చెప్పకపోతే ఏం? కానీ నా పుస్తకంలోని అంకె చూసి ఇంకో ఇంట్లో ఇంకో తల్లి ఇద్దరిని ఒకచోట వేస్తుందని నేను అనుకోలేదు. జేబులోంచి జుబ్బా తీసి బల్లమీద పరిచాను.

"చెప్పకండి," అన్నాను ఇంగ్లీషులోనే. "ఎవరికీ చెప్పకండి. ఉయ్యాలలో వేశాను. ఇద్దరినీ."

మిగతాది తెలుగులో అమ్మాయికి చెప్పాను. అది మచ్చ వంక చూసింది, చిన్నదాని బుగ్గ వంక చూసింది. కేకలు వేస్తుందనుకున్నాను.

"ఎంతసేపమ్మా?"

"తెలీదే."

"ఎన్ని నిమిషాలు?"

"తెలీదు. రెండోసారి చూసింది ఎప్పుడో రాసుకోలేదు."

"నీకు తెలీదా?" అంది. ఇంకొకసారి, చాలా నెమ్మదిగా, "నీకు తెలీదా అమ్మా?"

మిడ్‌వైఫ్ అప్పటికే చిన్నదాని గుండెల మీద గొట్టం పెట్టి వింటోంది. బాగానే ఉంది, అయినా ఆస్పత్రిలో చూపిద్దాం అని ఫోన్ చేసింది. వెళ్ళేముందు నా భుజం మీద చెయ్యి వేసి, "చెప్పారు కదా నానా, అది మంచి పని," అంది. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది, కానీ కార్లో పాప సీటు బిగించాల్సి వచ్చి ఆగిపోయింది. ఆస్పత్రిలో నాలుగు గంటలు ఉంచుకుని, ఏ లోపమూ లేదని పంపించారు.

ఉయ్యాల గుడ్డ ఉతికి అల్లుడి చేత పంపించాను. దాని సొంతదారు ఫోన్ చేసింది.

"ఏమైందండీ? మా వాడు ఆర్నెల్లు అందులోనే పడుకున్నాడు. ఇప్పుడు ఆరడుగులున్నాడు!"

"బారసాల పూట అయిదు నిమిషాలు వేసి తీసెయ్యమనండి ఎవరికిచ్చినా," అన్నాను. "పక్కన మనిషి నిలబడి ఉండాలి. నిద్రకు మాత్రం వద్దు." ఆమెకు కష్టం కలిగింది. ఫోన్ పెట్టేసింది.

నోటుబుక్కులో అయిదో గడి గీశాను. ఎక్కడ. ఏడో తేదీ నుంచి ప్రతి నిద్రకూ ఆ గడి నింపాను: తన మంచం, తన మంచం, తన మంచం. పది నిమిషాలకొకసారి లేచి ముఖం చూసి టిక్కు పెట్టాను. అమ్మాయి ఆ పుస్తకం చదివేది కాదు. పదింటికి వచ్చి రెండు మంచాల మధ్య సోఫాలో కూర్చునేది. కళ్ళు మూతలు పడుతుంటే చన్నీళ్ళు కొట్టుకుని వచ్చేది.

"వెళ్ళి పడుకోవే. నేను ఉన్నాను కదా."

"నిద్ర రావట్లేదమ్మా."

వస్తోందని ఇద్దరికీ తెలుసు. నన్ను ఒక్క మాట అనలేదు. కూర వండితే బాగుందనేది, నా మోకాళ్ళ మాత్ర గుర్తు చేసేది. అనేస్తే బాగుండునని ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తిరిగేదాన్ని. పద్దెనిమిదో తేదీ సోమవారం పదింపావుకు అది సోఫాలోంచి లేచి, వెనక గదిలోకి వెళ్ళి పడుకుంది. తలుపు తీసే ఉంచింది. పిల్లలు ముప్పై ఎనిమిది నిమిషాలు పడుకున్నారు. నేను పాదాల చప్పుడు కాకుండా నాలుగుసార్లు లేచాను. ప్రతిసారీ లోపలి నుంచి "ఏంటమ్మా?" అని వినపడింది.

"ఏం లేదు. పడుకున్నారు."

అక్టోబరు ఇరవయ్యో తేదీన నా వీసా గడువు అయిపోయి తిరిగి వచ్చేదాకా అలాగే నడిచింది. పిల్లలు ఇద్దరూ క్షేమం, వేరువేరు పక్కల్లో పడుకోవడానికి అలవాటు పడ్డారు.

పోయినవి ఇవి.

అమ్మాయి పగటి నిద్ర: పదకొండు రోజులు, రోజుకు నాలుగు గంటల చొప్పున నలభై నాలుగు గంటలు.

అది తలుపు మూసుకుని పడుకున్న పూటలు: ఆగస్టు ఆరు వరకు పద్నాలుగు. ఆ తరువాత నేను అక్కడ ఉన్న డెబ్బై అయిదు రోజుల్లో ఒక్కటి కూడా లేదు.