ఒక్క కాలమ్‌లో పట్టినంత మనిషి

ఇమ్మానుయేలు చేతికి బొమ్మ గోడల మీద అబ్బింది. సత్తెనపల్లికి అవతల, నల్లరేగడి చేల మధ్య వాళ్ళ ఊరు. చర్చి గోడ మీద వాక్యాలు రాయడంతో మొదలుపెట్టి, సిమెంటు, పురుగుమందు, పత్తి విత్తనం, ఎన్నికల గుర్తు, ఏది రాయమంటే అది రాస్తూ పల్నాడు రోడ్ల వెంట సగం వయసు గడిపేశాడు. ఎండలో నిచ్చెన మీద నిలబడితే దూరంగా కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు, ఎవరో ఆరేసి మరిచిపోయిన ఎర్రచీరల్లా కనిపించేవి. తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. గోడలు ఒక్కొక్కటే తెల్లబడి నోరు మూసుకున్నాయి. నిచ్చెన కోళ్ళగూటికి ఆనుకుని పడుకుంది.

ఆ రోజుల్లోనే జిల్లా పేపరు వాళ్ళకు పాకెట్ కార్టూను వేసే మనిషి కావలసి వచ్చింది. తెల్ల కాగితం మీద నల్ల పెన్నుతో వేసి, ఫోనులో ఫొటో తీసి పంపితే చాలన్నారు. మొదటి రోజు ఇచ్చిన విషయం ఉల్లిపాయల ధర. ఇమ్మానుయేలు ఒక ఇల్లాలిని గీశాడు. సన్నటి మెడ, పెద్ద కళ్ళు, చేతిలో ఖాళీ సంచి. ఆమె ఎదురుగా ఉల్లిపాయల బండి, బండి ముందు తుపాకీ పట్టుకున్న కాపలావాడు. పేపరు డెస్కులో అందరూ నవ్వారట. అంతే, ఆ ఇల్లాలు అతని కాగితాల్లో కాపురం పెట్టింది. టమాటా పెరిగితే ఆమె, కందిపప్పు పెరిగితే ఆమె, నూనెకీ గ్యాసుకీ కోడిగుడ్డుకీ ఆమే. ధర పెరిగినప్పుడల్లా ఆమె కళ్ళు ఇంకొంచెం పెద్దవయ్యేవి, సంచి ఇంకొంచెం కిందికి వేలాడేది.

ఆమె ఎవరో చెప్పేవాడు కాదు గాని, మెడ మాత్రం అతని భార్య దేవకుమారిది.

"మీ ఆవిడకి సంచన్నా ఉంది," అంది దేవకుమారి ఒకరోజు పొయ్యి దగ్గర్నుంచి. "నాకదీ లేదు. కొంగులో మూటగట్టుకుని రావటమే."

"ఆమె మా ఆవిడేంది?"

"మరెవరావిడ? రోజూ ఎదురుగా నిలబెట్టుకుని చూత్తా కూసుంటావుగా."

ఆ పూట కంచంలో అన్నం, గొడ్డుకారం, నాలుగు చుక్కల నూనె. మిరప పండే నేలలో కారం కలుపుకు తినడాన్ని లేమి అని ఎవరూ అనరు. రుచి అంటారు. అనుకుంటే కడుపు కూడా నమ్ముతుంది, కొంతసేపు.

ఊరికి ఇమ్మానుయేలు బొమ్మ మీద ఇంకో నమ్మకం ఉండేది. ఒక ఏడాది ఊరి దారిలో కల్వర్టు కూలి ఆటోలు ఆగిపోయాయి. ఆ గుంటలో గాలం వేసుకుని చేపలు పడుతున్న అధికారిని గీశాడతను. బొమ్మ పేపర్లో పడిన కొద్ది రోజులకే జేసీబీ వచ్చింది. నిజానికి ఆ పని అంతకుముందే మంజూరై ఉంది. కాంట్రాక్టరు ఆలస్యం చేశాడంతే. ఇమ్మానుయేలు ఆ మాట చెప్పి చూశాడు, ఎవరూ వినలేదు. "మనోడు బొమ్మేత్తే జేసీబీ నడుచుకుంటా వచ్చుద్ది" అనుకున్నారు. రెండుమూడుసార్లు కాదని, తర్వాత అతనూ మానుకున్నాడు. మెచ్చుకోలు పొద్దుటి ఎండలాంటిది. చలిలో ఉన్నవాడు దానిలోంచి నీడలోకి జరగడు.

ఆ నమ్మకాన్ని అందరికంటే గట్టిగా పట్టుకున్నవాడు త్రినాథ్. ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని చదువు మానేసినవాళ్ళు. త్రినాథ్ మూడెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేస్తాడు. ఆ ఏడు పంట బాగా వచ్చింది, అందరికీ బాగానే వచ్చింది. గుంటూరు మిర్చి యార్డులో రేటు పొద్దుటికీ మాపటికీ దిగుతూ పోయింది. కొట్లో కారం ప్యాకెట్టు మాత్రం దిగలేదు. త్రినాథ్ అమ్మకుండా బస్తాలు ఏసీలో పెట్టాడు. గుంటూరు చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీలకు అక్కడివాళ్ళు పెట్టుకున్న పేరది. ఎర్రటి ఎండలో పుట్టిన కాయ ఆ చలిగదుల చీకట్లో రేటు కోసం పడుకుంటుంది, రైతు బయట పడుకుంటాడు, ఇద్దరిలో ముందు రంగు పోయేది ఎవరికో చెప్పలేం.

పొలం యజమాని కబురు పంపాడు. ఉగాదిలోగా పాత కౌలు కడితే పొలం త్రినాథ్ దగ్గరే ఉంటుంది. లేకపోతే ఇంకొకరు అడుగుతున్నారు.

ఒక సాయంత్రం త్రినాథ్ వచ్చి ఇమ్మానుయేలు వరండాలో చతికిలబడ్డాడు. వెనకాలే అతని భార్య బసవమ్మ వచ్చి గుమ్మం పక్కన నిలబడింది.

"ఒరే ఇమ్మానుయేలూ, ఉల్లిపాయకి ఏశావు, టమాటాకి ఏశావు. మిరగాయకెప్పుడు ఏత్తావురా?"

"పెరిగితే ఏత్తారు గాని, తగ్గితే ఎవరేత్తారురా?"

"ఏం, తగ్గితే ఎవరూ ఏడవరా?"

"పేపరు కొనేవోళ్ళు ఏడవరు."

"ఒక్క బొమ్మ ఏయ్. పై వోళ్ళు చూత్తారు, గవర్నమెంటు కొంటది. కల్వర్టుకి కదల్లా?"

"కల్వర్టు సంగతి వేరురా."

"వేరే. అది సిమెంటు, దానికే కదిలారు. మడిసికి కదలరా?"

బసవమ్మ అప్పటిదాకా పట్టిన ఓపిక వదిలేసింది. "అన్నయ్యా, నువ్వన్నా చెప్పు. నిన్న వ్యాపారి రేటు చెప్పి పోయాడు. గొప్ప రేటేం కాదు. కౌలు కట్టుకుంటానికి మాత్రం సరిపోద్ది. పొలం ఉంటే వచ్చే ఏడు చూసుకుందాం. ఈయనేమో బొమ్మ పడిందాకా అమ్మనంటన్నాడు."

"బొమ్మ పడ్డాక రేటు లేచుద్ది," అన్నాడు త్రినాథ్.

"లేవకపోతే?"

"నువ్వూరుకోయే. వాడి చెయ్యి సంగతి నీకేం తెలుసు."

అక్కడ ఇమ్మానుయేలు అనవలసిన మాట ఒకటే ఉంది, అమ్మెయ్యరా అని. అది నాలుక దాకా వచ్చింది. త్రినాథ్ అతని చేతివేళ్ళ వైపు చూస్తున్నాడు. నల్లసిరా అంటుకున్న ఆ మామూలు వేళ్ళను వాన మబ్బును చూసినట్టు చూస్తున్నాడు. ఎవరైనా తనను అలా చూసి ఇమ్మానుయేలుకు చాలా కాలమైంది. మాట వెనక్కి జారిపోయింది.

"చూద్దాంలే చెల్లమ్మా," అన్నాడు.

మర్నాడు కల్లంలో త్రినాథ్‌ను కూర్చోబెట్టి గీశాడు. మంచి కాయంతా ఏసీకి పోగా, రంగు చెడిన తాలు కాయలే పట్టా మీద మిగిలి ఉన్నాయి. గాలి కదిలినప్పుడల్లా ఘాటు లేచి ఇద్దరూ తుమ్మేవారు. త్రినాథ్ గడ్డం గీసుకుని, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు.

"పెళ్ళిచూపులకొచ్చినట్టు వచ్చావేందిరా. మాసిన చొక్కా ఏసుకురా పో."

"పేపర్లోకి పోయేది గదా."

"అందుకే. కష్టం కనపడొద్దా?"

"మాసిన చొక్కాలో రోజూ చూత్తనే ఉన్నారుగా. ఏం చేశారు?"

ఇమ్మానుయేలు పెన్ను మూత తీశాడు. తెల్లచొక్కాతోనే గీశాడు. కాగితం నిండా పెద్ద త్రాసు. ఒక పళ్ళెంలో త్రినాథ్, అతని చుట్టూ మిరపకాయల బస్తాలు. రెండో పళ్ళెంలో గుప్పెడంత కారం ప్యాకెట్టు, ఒక్కటే. ఆ ప్యాకెట్టు బరువుకి అటు పళ్ళెం నేలకు దిగిపోయింది. బస్తాలతో సహా త్రినాథ్ గాల్లోకి లేచిపోయాడు. అతని కాళ్ళు నేలను వెతుక్కుంటున్నాయి. కింద మాటలేమీ రాయలేదు. అతని జీవితంలో ఇల్లాలు లేని మొదటి ధరల బొమ్మ అది. త్రినాథ్ దాన్ని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూశాడు.

"రేపే పడుద్దా?"

"వాళ్ళ వీలు."

పేపరు డెస్కులో శ్యామ్ సుందర్ అనే సబ్ ఎడిటర్ ఉండేవాడు, మర్యాదస్తుడు. సాయంత్రం ఫోన్ చేశాడు.

"గురువు గారూ, బొమ్మ అద్భుతంగా ఉందండి. కానీ ధర తగ్గితే జనానికి సంతోషమే కదా. ఇందులో నవ్వేదేముందండి?"

"ఇది నవ్వటానికి కాదండి. రైతుకి పడిపోయింది, కొట్లో తగ్గలేదు. అదండి."

"అర్థమైందండి. ఇంకోటి, మీరు రెండు కాలమ్‌లకి వేశారు. మనకి ఒకటే కదా. సరే, చోటు చూసి చేద్దాంలెండి."

ఆ తర్వాత రోజులు మెల్లగా నడిచాయి. త్రినాథ్ పొద్దున్నే బస్టాపు దగ్గర టీకొట్టుకు వెళ్ళి, పేపరు కట్ట విప్పకముందే నిలబడేవాడు. లోపలి పేజీ తీసి, మడిచి, ఇచ్చేసేవాడు. వ్యాపారి ఇంకోసారి వచ్చాడు, ఇంకా తక్కువ చెప్పాడు. బసవమ్మ ఇంట్లో మాట్లాడడం మానేసింది. ఇమ్మానుయేలు డెస్కుకు ఫోన్ చేస్తే "ఈ వారం చూద్దామండి" అనేవారు. ఎండ ముదురుతోంది. పత్తి ఏరేసిన చేలల్లో కట్టెలు నల్లగా నిలబడి, చదివేసిన తర్వాత ఎవరికీ అక్కర్లేని అక్షరాల్లా ఉన్నాయి.

చివరికి బొమ్మ పడింది.

ఒక్క కాలమ్‌లో పట్టినంతే పడింది. కారం ప్యాకెట్టు ఉన్న పళ్ళెం లేదు. త్రాసు కొయ్య లేదు. పళ్ళేన్ని మోసే గొలుసుల మధ్య, తెల్లచొక్కా వేసుకున్న త్రినాథ్ ఒక్కడే మిగిలాడు, కాళ్ళు గాల్లో ఆడిస్తూ. బస్తాలు అతని వెనక దిండ్లలా ఉన్నాయి. చూసిన ఎవరికైనా నడివయసులో ఉయ్యాల ఎక్కి ఊగుతున్న మనిషే కనిపిస్తాడు. పైన డెస్కు వాళ్ళు పెట్టిన మాట: దిగివచ్చిన మిర్చి, వంటింటికి ఊరట.

టీకొట్టు దగ్గర మాబు సాహెబ్ ముందు చూశాడు. ఆటో నడుపుతాడు, నోరు ఆగదు.

"ఏరా త్రినాథూ, ఉయ్యాలెక్కావంట?"

"పైన గాలి బాగుందంటరా?" అన్నాడు ఇంకొకడు.

"దిగమాక. దిగితే వ్యాపారి పట్టుకుంటాడు."

అందరూ నవ్వారు. చెడ్డవాళ్ళేం కాదు, వాళ్ళ కాయ కూడా ఏసీలోనే ఉంది. త్రినాథ్ పేపరుకు డబ్బులిచ్చి, మడిచి జేబులో పెట్టుకుని, తిన్నగా ఇమ్మానుయేలు ఇంటికి వచ్చాడు. దేవకుమారి పీట వేసింది. త్రినాథ్ కూర్చోలేదు.

"ఇది నేనేగా?"

"నువ్వేరా."

"రెండో పళ్ళెం ఏదిరా?"

"కోసేశారు. చోటు లేదంట."

త్రినాథ్ బొమ్మను మళ్ళీ చూశాడు. కోపం వస్తుందేమోనని ఇమ్మానుయేలు ఎదురు చూశాడు. వస్తే బాగుండేది.

"నేను పట్టాను గదా," అన్నాడు త్రినాథ్. "నా వరకు చోటు దొరికింది."

మూడో రోజు బస్తాలు ఏసీ నుంచి యార్డుకు దిగాయి. ఇమ్మానుయేలు తోడు వెళ్ళాడు, తోడుకు ఏ ఉపయోగమూ లేదని తెలిసే. కొనేవాడు బస్తా మూతి విప్పి, గుప్పెడు తీసి, ఒక కాయ తుంచి, వాసన చూసి, గింజలు నేల మీద రాల్చాడు. రంగు తగ్గిందన్నాడు. రేటు చెప్పాడు. త్రినాథ్ బేరం ఆడలేదు. ఆడేవాళ్ళు ఆడుతూనే ఉన్నారు చుట్టూ. ఆ ఎర్రటి దుమ్ములో వాళ్ళ గొంతులు లేచి, దగ్గులో విరిగి పడుతున్నాయి. వచ్చినదానితో కౌలు తీరలేదు. ఉగాది నాటికి ఆ మూడెకరాల్లో ఇంకొకరి ట్రాక్టరు తిరిగింది. త్రినాథ్ ఆ దారి మానేసి, చుట్టు తిరిగి బస్టాపుకు నడవడం నేర్చుకున్నాడు. వేకువనే మాబు సాహెబ్ ఆటోలో ఏసీకి వెళ్ళి ఇతరుల బస్తాలు మోస్తున్నాడు. అదే ఆటోలో, మిరపకాయల తొడిమలు తీసే కూలికి, బసవమ్మ, దేవకుమారి పక్కపక్కన కూర్చుని వెళ్తున్నారు. ఇద్దరి వేళ్ళూ మండుతుంటాయి. ఆ మంట గురించి తప్ప వేరే మాట్లాడుకోరు.

వేసవి మధ్యలో శ్యామ్ సుందర్ ఫోన్ చేశాడు.

"గురువు గారూ, ఆ ఉయ్యాల రైతుకి భలే పేరొచ్చిందండి. ఎడిషన్ మీటింగులో కూడా అన్నారు. ఇల్లాలు ఎటూ ఉంది, ధర పెరిగినప్పుడు ఆమె. తగ్గినప్పుడు ఇతను. పర్మనెంటుగా పెడదాం. మీకు కూడా ఇంకాస్త ఇప్పిస్తానండి."

ఇమ్మానుయేలు వెంటనే సరే అనలేదు. వెంటనే కాదని కూడా అనలేదు. ఆ సాయంత్రం ఆటో ఆగే చోట నిలబడ్డాడు. త్రినాథ్ దిగి, తలగుడ్డ విప్పి, భుజాల మీద దుమ్ము దులుపుకున్నాడు. ఇమ్మానుయేలు సంగతి చెప్పాడు, నేల చూస్తూ.

"నవ్వారంటనా?" అన్నాడు త్రినాథ్.

"నవ్వారంట."

"డబ్బులిత్తారా?"

"కాస్త ఎక్కువే ఇత్తారంట."

"అయితే ఏసుకోరా. నువ్వు ఏయకపోతే ఇంకెవడన్నా ఏత్తాడు." తలగుడ్డ భుజాన వేసుకున్నాడు. "నన్ను మాత్రం మళ్ళీ అడగమాక."

బసవమ్మ ఆ మాటలు విన్నది. రోజూ పలకరించే మనిషి, ఆ రోజు పలకరించకుండా ముందుకు నడిచింది.

ఇమ్మానుయేలు ఇంటికి వచ్చి కాగితం పరుచుకున్నాడు. వేరే మొహం గీయాలని చూశాడు. కొంచెం లావుగా, మీసాలతో, ఎవరూ కాని ఒక రైతు. చెయ్యి తిరగలేదు, గడ్డం గీసుకున్న త్రినాథే వస్తున్నాడు. రెండు కాగితాలు నలిపి, మూడో కాగితం మీద స్కేలు పెట్టి ఒక్క కాలమ్ వెడల్పు కొలిచి, అటూ ఇటూ సన్నటి గీతలు కొట్టాడు. బొమ్మంతా ఆ గీతల మధ్యనే వేశాడు. రెండో పళ్ళెం ఈసారి అతనే గీయలేదు. ఫొటో తీసి పంపాడు.

జవాబు వెంటనే వచ్చింది. "సూపరండి. కరెక్టుగా సరిపోయింది. రేపటికి కందిపప్పు."