టీ తాగని అభ్యర్థి

మాచర్ల బస్టాండు వెనక వీధిలో ఒక పళ్ళ ఆసుపత్రిలో నేను ఇరవై రెండేళ్ళు అసిస్టెంటుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు రాయబోయేది పంచాయతీ ఎన్నికలు జరిగిన ఏడాది ఫిబ్రవరి నాటి సంగతి. అప్పటికి అందరి మాస్కులూ ముక్కు దిగి గడ్డం కిందికి చేరాయి.

ఆసుపత్రిలో మేము ముగ్గురం. డాక్టరమ్మ, కౌంటరు దగ్గర చీటీలు రాసే అమ్మాయి, నేను. అసిస్టెంటు పనంటే డాక్టరు చెయ్యి చాపేసరికి ఆ చేతిలో ఏ పరికరం పడాలో చూసుకోవడం, ఉమ్మి పీల్చే గొట్టం పట్టుకోవడం, మందులు కలపడం, చివర్లో పేషెంటుకు జాగ్రత్తలు చెప్పి పంపడం. ఈ చివరి పనిలో నాకు మంచి పేరుండేది. నా చదువు ఏడో తరగతితో ఆగింది కానీ ఒకసారి చెవిన పడ్డ మాట మర్చిపోను. ఏ చికిత్సకు ఏ జాగ్రత్తో కాగితం చూడకుండా గడగడా చెప్పేదాన్ని. ఆ గడగడే ఈసారి కొంప ముంచింది.

ఒక శుక్రవారం పొద్దున్నే వెల్దుర్తి వైపు నుంచి భార్యాభర్తలు వచ్చారు. ఊరి పేరు రాయను. ఆయన కోటేశ్వరరావు, పొలం, ట్రాక్టరు ఉన్న మనిషి. ఆమె శివకుమారి, నలభై లోపే ఉంటుంది. ఆ ఊరి సర్పంచి పదవి ఆడవాళ్ళకు రిజర్వు కావడంతో ఆయన కల ఆమె నెత్తిన పడింది. కత్తెర గుర్తు మీద నిలబడింది. మాట్లాడేటప్పుడు పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకునేది. మాస్కు వచ్చాక ఆమెకు చానా సుఖంగా ఉందని భర్తే చెప్పాడు.

“మంగళారం పోలింగు మేడం. ఆదివారం సాయంత్రంతో ప్రచారం బందు. ఫ్లెక్సీలో ఈమె పళ్ళు తెల్లగా కొట్టిచ్చాం. ఇప్పుడు మనిషిని తీసుకుపోతే ‘ఫ్లెక్సీలో ఉన్నామె ఎవురయ్యా’ అంటన్నారు,” అన్నాడు.

డాక్టరమ్మ చెంగు తీయించి చూసింది. ముందు పళ్ళ మీద అడ్డంగా గోధుమరంగు చారలు, మధ్యమధ్య సున్నపు మచ్చలు. బోరు నీళ్ళలోని ఫ్లోరైడు చిన్నప్పుడు పన్ను తయారయ్యే వయసులోనే లోపలికి ఎక్కితే అలా అవుతుంది. మా వైపు కొత్తేమీ కాదు. కొన్ని ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళను నోరు తెరవగానే ఏ ఊరో చెప్పేసేదాన్ని.

పళ్ళు తెల్లబరచడానికి ముందు రంగు కొలుస్తారు. దానికి ఒక పట్టీ ఉంటుంది. తెలుపు నుంచి ముదురు పసుపు దాకా పదహారు ఉత్తుత్తి పళ్ళు వరసగా గుచ్చి ఉంటాయి. కిటికీ దగ్గర, ఎండ వెలుతురులో, పేషెంటు పన్ను పక్కన పెట్టి ఏది సరిపోతే దాని నంబరు కార్డు మీద రాస్తాం. శివకుమారి పన్ను పట్టీలో చివరి వాటితో కూడా సరిగ్గా కలవలేదు. డాక్టరమ్మ చివరి నంబరు రాసి పక్కన కూడిక గుర్తు పెట్టింది.

తరవాత దార్లు చెప్పింది. క్లీనింగు చేస్తే పైపైన పట్టిన గార, టీ మరకలు, పాచి పోతాయి, పంటి లోపలి రంగు పోదు. ఫ్లోరైడు చారలకు ముద్దలాంటి మందుతో పైపొరను చాలా పలచగా రుద్దే పద్ధతి ఉంది. జెల్ పెట్టి రంగు విరగ్గొట్టేది బ్లీచింగు. కుర్చీలో ఒక్క పూటలో చేసేది గాఢమైన జెల్. ఇంటికి పళ్ళకు తొడుక్కునే అచ్చు ఇచ్చి రెండు వారాలు రాత్రిపూట పెట్టుకోమనేది పలచటి జెల్, నెమ్మదైనా అదే మేలు. ఇవేవీ చాలకపోతే పంటి ముందు భాగం కొద్దిగా అరగదీసి గోరంత పలచని పింగాణీ పెంకు అంటిస్తారు. దానికి పంటి అచ్చు విజయవాడ ల్యాబుకు పోయి రావాలి, వారం పది రోజులు పడుతుంది.

కోటేశ్వరరావు అంతా విని, “ఇయ్యన్నీ కలిపి ఒకేసారి ఏసెయ్యండి మేడం,” అన్నాడు.

డాక్టరమ్మ నవ్వి, పురుగు మందులు కాదు కలిపి కొట్టడానికి అంది. ఉన్న వ్యవధిలో క్లీనింగు, పలచగా రుద్దడం, కుర్చీలో బ్లీచింగు, ఇంతవరకే అని చెప్పింది. గోధుమరంగు బాగా తగ్గుతుందని, తెల్ల మచ్చలు నాలుగు రోజులు ఎక్కువ కనిపించవచ్చని, ఫ్లెక్సీలో ఉన్నంత తెలుపు మాత్రం రాదని కూడా అంది.

“ఫ్లెక్సీ అంత కాకపోయినా దాని చెల్లెలంత వస్తే చాల్లేండి.”

శివకుమారి పైట చెంగు మళ్ళీ నోటికి అడ్డం పెట్టుకుంది. చివరికి, “నొప్పి పుడద్దా?” అని నన్ను అడిగింది. కొంచెం జివ్వుమంటుందన్నాను.

పెదాలు పక్కకు లాగి పట్టే చట్రం పెట్టాను. చిగుళ్ళకు మందు తగలకుండా రక్షణ పూత వేశాం. కళ్ళకు అద్దాలు పెట్టాం. జెల్ పెట్టడం, పావుగంట ఆగడం, తుడవడం, మళ్ళీ పెట్టడం, ఇలా మూడు విడతలు. అయ్యాక చేతికి అద్దం ఇస్తే చాలాసేపు చూసుకుంది. నోరు మూసి మళ్ళీ తెరిచి చూసింది. పట్టీలో ఆరు నంబర్లు పైకి వచ్చింది. పైట చెంగు ఒళ్ళోనే ఉండిపోయింది.

అప్పుడు నేను అందుకున్నాను. రెండు రోజులు, అంటే నలభై ఎనిమిది గంటలు, పంటి పైపొర కొత్త బట్టలాంటిది, ఏ రంగు తగిలినా పీల్చుకుంటుంది. టీ వద్దు, కాఫీ వద్దు, పసుపు వేసిన కూర వద్దు, ఆవకాయ, గోంగూర, కూల్‌డ్రింకు, వక్కపొడి వద్దు. పెరుగన్నం, పాలు, ఇడ్లీ, కొబ్బరి పచ్చడి తినొచ్చు. ఆమె నోట్లో ఇంకా దూది ఉంది. తల ఊపింది. కోటేశ్వరరావు ఫోన్లో ఎవరికో జెండాల లెక్క చెబుతున్నాడు.

రెండు రోజుల్లో ఫంక్షన్లేమైనా ఉన్నాయా అని డాక్టరమ్మ అడిగింది. ఏమీ లేవు, ఇంటింటికీ తిరగటమేనన్నాడు ఆయన. డాక్టరమ్మది కాకినాడ వైపు. తిరగడమంటే నడకే కదా, మంచిదే అంది. నేను ఇక్కడ పుట్టి పెరిగినదాన్ని. మా పల్లెల్లో ఓటడగడమంటే గడప దగ్గర నిలబడి దండం పెట్టి పోవడం కాదని నాకు తెలుసు. లోపలికి పోవాలి, కూర్చోవాలి, ఇచ్చిన టీ తాగాలి. టీ వద్దంటే ఆ ఇల్లు వద్దన్నట్టే. తెలిసీ నా బుర్రకు తట్టలేదు.

పోతూపోతూ కోటేశ్వరరావు గొంతు తగ్గించి, ఈ సంగతి బయటికి పొక్కకూడదన్నాడు. “సైడు కాలవలు ఒదిలేసి పళ్ళు బాగు చేసుకుందని అవతలోళ్ళు మైకులో చెప్తారు.”

శనివారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. చేసింది శివకుమారి.

“అక్కా, టీ తాగొద్దంటివే! పొద్దున్నించి తొమ్మిదిళ్ళు తిరిగా. తొమ్మిది చోట్లా టీ పెట్టారు.”

మొదటి ఇంట్లో ఇప్పుడే తాగొచ్చానందట. రెండో ఇంట్లో శనివారం ఒక్కపొద్దంది. మూడో ఇంట్లో గ్యాసంది. నాలుగో ఇంటికి చేరేసరికి ఆ ముగ్గురూ పంపు దగ్గర కలిసి ఒకరి మాట ఒకరితో సరిచూసుకున్నారు. ఒక్కపొద్దు మనిషి పక్కింట్లో ఇడ్లీ ఎట్టా తిన్నదని ప్రశ్న. అవతల నిలబడింది ఆమెకు తోటికోడలి వరసే. ఆమె ఊరంతా తిరిగి, “ఇంకా గెలవనే లేదు, అప్పుడే మన గ్లాసు ముట్టటంలా,” అని చెబుతోంది.

అన్నిటికంటే కష్టమైంది కాలనీలో జరిగింది. అక్కడ మరియమ్మ అనే పెద్దామె ఉంది. ఆమె మాట అంటే పడమటి వీధి మొత్తం వింటుంది. ఆమె టీ కాచి స్టీలు గ్లాసులో పోసి ఇచ్చింది. శివకుమారి వద్దంది. మరియమ్మ ఆ టీని గడప బయట పారబోసి గ్లాసు బోర్లించింది. పెద్దిళ్ళవాళ్ళు తమ గ్లాసు ముట్టకపోవడం ఆ వీధికి పాత అనుభవం. దాని అర్థం వాళ్ళకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

“ఓట్లు పోతే పోయినయ్యిలే అక్కా. నేనట్టాంటిదాన్ననుకుంది అవ్వ. ఆమె మొహం ఎట్టా చూడాల?”

డాక్టరమ్మకు చెప్పాను. తలపట్టుకుంది. స్ట్రాతో తాగితే ముందు పళ్ళకు అంతగా తగలదని, స్ట్రాల పొట్లం, జివ్వుమనకుండా పళ్ళకు రాసే పేస్టు ఇచ్చి, ఆదివారం సెలవే కాబట్టి నన్ను వెళ్ళి రమ్మంది. జాగ్రత్తలు చెప్పింది నేనే కదా, వెళ్ళాను.

ఊళ్ళో నన్ను శివకుమారి పెద్దమ్మ కూతురని చెప్పారు. మొదటి ఇంట్లో శివకుమారికి గొంతు నొప్పి అని చెప్పి నేను స్ట్రా తీశాను. అది కాగితం స్ట్రా, కొబ్బరి నీళ్ళకు పనికొచ్చేది. వేడి టీలో మెత్తబడి వంగింది. ఆమె గట్టిగా పీల్చేసరికి మరిగే టీ నేరుగా గొంతులో పడింది, పళ్ళు జివ్వుమన్నాయి, కళ్ళ వెంట బొటబొటా నీళ్ళు. ఆ ఇంటావిడ చలించిపోయి, “ఏడవమాకమ్మా, మా ఇంట్లో నాలుగూ నీకే,” అంది. కోటేశ్వరరావు నా వైపు తిరిగి, ఇదేదో బాగానే ఉందన్నట్టు చూశాడు. రెండో ఇంట్లో పిల్లలు గుమిగూడారు. మూడో ఇంట్లో ముసలాయన, “ఏందమ్మాయ్, టీ తాగతన్నావా, ఇంజిన్లో డీజిలు లాగతన్నావా?” అన్నాడు.

పదకొండు గంటలకు, ప్రార్థన అయ్యి జనం ఇళ్ళకు చేరాక, కాలనీకి వెళ్ళాం. మరియమ్మ అరుగు మీద మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. కూర్చోమంది. పొయ్యి వైపు మాత్రం లేవలేదు. మేం కూర్చున్నాం. శివకుమారే అడిగింది.

“అవ్వా, టీ పెట్టవా?”

“నిన్న పెట్టా గదమ్మా.”

శివకుమారి నా వైపు చూసింది. నేను చేతి గడియారం చూసి, ఇంకా గంటన్నర ఉందని గొణిగాను.

“నువ్వుండక్కా,” అని నన్ను గదిమి, “పెట్టవ్వా. చిక్కగా పెట్టు,” అంది.

మరియమ్మ ఆమెను కాసేపు తేరిపార చూసి లేచింది. ఇటుకరంగు టీ, గ్లాసు నిండా తెచ్చింది. నేను చాపిన స్ట్రాను శివకుమారి పక్కకు తోసి, గ్లాసు పెదాలకు ఆనించి, మధ్యలో ఆపకుండా చివరి చుక్క దాకా తాగింది. నా ఉద్యోగంలో ఒక బ్లీచింగు అంత శ్రద్ధగా పాడవడం అదొక్కసారే చూశాను. తరవాత చెంగు అడ్డం పెట్టుకోకుండా పళ్ళన్నీ కనపడేలా నోరు తెరిచి చూపించింది.

“ఇదవ్వా సంగతి. తెలుపు చేయించుకున్నా. రెండ్రోజులు టీ తాగితే రంగు పడుద్దన్నారు. ఎవురికీ చెప్పొద్దని మాయన. నీ గ్లాసని కాదవ్వా. తప్పయిపోయింది.”

కోటేశ్వరరావు కరెంటు స్తంభానికి కట్టిన జెండా సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం మొదలుపెట్టాడు. మరియమ్మ శివకుమారి గడ్డం పట్టుకుని ఎండ వైపు తిప్పింది, అచ్చం మా డాక్టరమ్మ కిటికీ దగ్గర తిప్పినట్టే.

“ఓసి నీ పళ్ళు పాడుగాను! ఈ మాట నిన్నే చెప్పుంటే పాలు కాచి ఇచ్చేదాన్ని గదంటే! ఆ ఫ్లెక్సీలో ఉంది నువ్వేనా అయితే? ఎవురో సినిమా ఆమెను తెచ్చి పెట్టారనుకున్నా.”

వీధి వీధంతా నవ్వింది. పెద్దమ్మ కూతురు వేషం అంతటితో సరి. పళ్ళ ఆసుపత్రి మనిషినని తెలియగానే జనం నా చుట్టూ మూగారు. ఫోన్ లైటు వేసి అరుగు మీదే నలభై నోళ్ళ దాకా చూశాను. అన్నిట్లోనూ అవే చారలు, పదేళ్ళ పిల్లల్లో కూడా. ఒకామె కొడుకు నోరు తెరిచి పట్టుకుని శివకుమారిని అడిగింది.

“నువ్వంటే మాచర్ల పోయి చేయించుకున్నావు. ఈడి పళ్ళ సంగతేందమ్మా?”

“గెలవగానే నీళ్ళ ప్లాంటు పెట్టిచ్చేస్తాం!” అని కోటేశ్వరరావు అందుకున్నాడు.

“నువ్వాగయ్యా. నిలబడింది నువ్వా? ఆమెను చెప్పనియ్యి,” అంది మరియమ్మ.

శివకుమారి ఆ తల్లి వైపు తిరిగింది. “ప్లాంటు నా చేతిలో లేదక్కా, పైవోళ్ళియ్యాల. నేను తాగింది కూడా ఆ బోరు నీళ్ళే. ఇచ్చిందాకా అడుగుతా. నోరు మాత్రం ముయ్యను.”

ఆ రోజు సాయంత్రంలోగా ఆమె పదిహేడు గ్లాసుల టీ తాగింది. శనివారం వద్దన్న ఇళ్ళన్నిటికీ మళ్ళీ వెళ్ళింది. ఒక ఇంట్లో గోంగూర పచ్చడితో అన్నం కూడా తింది. నేను చూడలేక బయట నిలబడ్డాను.

గెలిచింది. టీ వల్లే గెలిచిందని నేననను. కాలనీ పెట్టెలో మాత్రం కత్తెరకు మంచి ఓట్లు పడ్డాయి. వారం తర్వాత చెకప్‌కు వస్తే డాక్టరమ్మ పట్టీ పెట్టి కొలిచి, మూడు నంబర్లు కిందికి జారిందేమిటని అడిగింది. జరిగింది పూసగుచ్చినట్టు చెప్పాను. డాక్టరమ్మ పేషెంటును ఏమీ అనలేదు. పలచటి జెల్, అచ్చు ఇచ్చి రెండు వారాలు ఇంట్లో పెట్టుకోమంది. నీళ్ళ ప్లాంటు కోసం శివకుమారి గురజాల, నరసరావుపేట ఆఫీసుల చుట్టూ చాలా తిరిగింది. నేను రిటైరయ్యే నాటికి అది మంజూరైంది, షెడ్డు లేచింది, మోటారు రావాలి.

ఆ తరవాత మా కార్డులో ఒక గీత చేర్చాం. పళ్ళ రంగు నంబరు రాయకముందే, రాబోయే రెండు రోజులు పేషెంటు ఏ పని మీద, ఎవరిళ్ళకు వెళ్తారో అడిగి అక్కడ రాయాలి. ఆ గీత నింపడం నా పని. ఒకసారి పెళ్ళిళ్ళలో వంట చేసే ఆమె వచ్చింది. పులుసు రుచి చూడకుండా ఎట్టా దించేదంది. ఆమెకు ఆషాఢంలో తేదీ ఇచ్చాం. జాగ్రత్తలు ఎంత బాగా అప్పజెప్పినా, ఎదుటి మనిషి బతుకుతెరువులో అవి కుదరకపోతే చెప్పనట్టే లెక్క. అడిగి తెలుసుకోవడం అసిస్టెంటు ఉద్యోగంలో భాగమే. నాకది సర్వీసులో పద్దెనిమిదో ఏట తెలిసింది.