గేటు గదికి తలుపు

1957 వేసవి. ఆళ్లగడ్డ బడిలో నేను చేతిపనుల అయ్యవారిని. మా ఊరికి రైలు లేదు. అందుకే నంద్యాల స్టేషనును, దాని చుట్టూ ఉన్న కట్టడాలను అట్టతో చిన్నవిగా చేసే పని పెట్టుకున్నాను. అడుగుకు పావు అంగుళం లెక్కన గీసి, గోడలు, కప్పులు విడివిడిగా కోసి, ఒక్కో కట్టడం ముక్కలను ఒక్కో పెట్టెలో సర్దేవాణ్ణి. పిల్లలు వాటిని అతికించి కట్టుకోవాలి.

వాటిలో నంద్యాల బయట రైలు గేటు పక్కనున్న గేటు గది ఒకటి. ఆ గేటుకు కాపలా మా అక్క కొడుకే. ఉండేదీ ఆ గదిలోనే. చూపు పోయిన అక్క నా ఇంట్లో ఉండేది. తల్లిని తన దగ్గరికి తీసుకుపోవాలని వాడికి ఆశ. ఆమెకూ పోవాలనే ఉంది గానీ, పట్టాల పక్కన బతకడమంటే భయం.

ఆ గదికి పట్టాల వైపు ఉన్నది వట్టి గోడ, ఒక చిన్న కిటికీ. తలుపు వెనకవైపు. బల్ల మీద పెడితే ముందుభాగం బోసిగా ఉంటుందనిపించి, నేను తలుపును పట్టాల వైపుకు మార్చాను. నమూనాగా ఒకటి నేనే అతికించి, గుడ్డపీలికతో ఆ తలుపు తెరుచుకునేలా చేసి, ముందు పుల్లలతో పట్టాలు పెట్టాను. పెంకుల వరుసలు కూడా ఎత్తుగా అతికించాను. ముచ్చటగా వచ్చింది.

“నా కొడుకుండే ఇల్లు ఏదీ, ఇట్లియ్యి” అంది అక్క.

వేళ్లతో కప్పంతా తడిమింది. “పెంకులు బాగుండాయబ్బీ.” తలుపు తీసింది. గడప దాటిన వేలు నేరుగా పట్టాకు తగిలింది. చెయ్యి ఆగిపోయింది.

“ఏందిది? కాలు బయట పెడితే రైలు కిందనేనా?”

“లేదక్కా. అసలు తలుపు ఎనకపక్క ఉండాది. నేనే ఇట్ల పెట్టినా.”

“నా భయం పోవాలని చెప్తాండావ్.”

మర్నాడు గోడలు మళ్లీ కోసి, తలుపును అసలున్న వెనకవైపే పెట్టి ఆమె చేతికిచ్చాను. తడిమి, పక్కన పెట్టేసింది.

“మర్నాటికే తలుపు ఎనక్కి పోయిందే! నన్ను పంపాలని ఉంటే నోటితో చెప్పు. అట్టలెందుకు కోస్తావ్?”

ఎంత చెప్పినా వినలేదు. కొడుకు రాగానే చీరలు మూట కట్టింది. నంద్యాల బస్సులో నేనూ వెళ్లాను. దారి పొడవునా వాడి చెయ్యే పట్టుకుంది.

గేటు దగ్గర దిగాక గోడ మీద చెయ్యి వేసి నడిచింది. కిటికీ దాటింది. రెండు మూలలు తిరిగింది. వెనక తలుపు చేతికి తగిలాక గడప దాకా తడిమింది.

“ఈడనే ఉండాదే.”

“అదే చెప్తి గదక్కా.”

“మొదట్నే ఇట్ల చేయకపోతివేం?”

“చూసేదానికి బాగుంటాదని.”

“నేను చూసేదాన్నా అబ్బీ?”

“రా మామా, కూర్చో” అని మేనల్లుడు మంచం వాల్చాడు. నేను కూర్చోలేకపోయాను.

అక్క అక్కడ సుఖంగానే ఉంది. ఎప్పుడు వెళ్లినా నా అడుగుల చప్పుడుకే గుర్తుపట్టి, గోడ తడుముకుంటూ ఎదురొచ్చేది. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. నాకు మాత్రం ముందుగా కనిపించేది ఆ వట్టి గోడే. అది బోసిగా ఉందని అనుకున్నందుకే, సొంత తమ్ముడు వెళ్లగొడుతున్నాడన్న బాధతో ఆమె నంద్యాల దాకా బస్సులో కూర్చుంది.